‘సర్దుకుంటాను సార్’ అనకు

చిన్నదానా, నేను మిల్లు గేటు దగ్గర యూనియన్ మీటింగుకి పోతున్నాను. నీ బట్టలు ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించాను. చెయ్యి కాలింది, అది వేరే సంగతి. తినకుండా కదలకు.

పొద్దున ఆసుపత్రి వాళ్లు ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తారు కదా, లేచి నిలబడి మాట్లాడు. పడుకుని మాట్లాడితే నిద్రమత్తు గొంతులోనే తెలిసిపోతుంది. మధ్యాహ్నం బట్టల షాపులో పదిమందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడమంటారు. అక్కడ నాలాగా అరవకు. పక్కవాళ్లు చెప్పింది విని, "ఆవిడ అన్నది నిజమే, కానీ" అని అందుకో. రేపు మా మిల్లు ఆఫీసులో ముగ్గురు ఎదురుగా కూర్చుంటారు. అడిగినవాడి మొహం చూసి జవాబు చెప్పు, నేలకేసి చూడకు.

రాత్రి నేను ఆఫీసరులా కూర్చుని అడిగితే ఏమన్నావు? జీతం ఎంత కావాలమ్మా అంటే "సర్దుకుంటాను సార్." ఆదివారం కూడా రావాలంటే "సర్దుకుంటాను సార్." కూర్చోడానికి కుర్చీ లేదన్నా సర్దుకునేలా ఉన్నావు. ఆ మాట అన్నావో, ఉద్యోగం ఇచ్చినా నిన్ను మూలకి సర్దేస్తారు. లెక్కలు రాయడంలో నీకు వంక పెట్టగలిగినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఇంత కావాలని చెప్పి ఊరుకో, ఆ తర్వాత వాళ్లే మాట్లాడతారు. మూడింటిలో ఒకటి నీదే. నాకు అనుమానం లేదు.

ఇంకోటి. "గేటు ముందు మైకు పట్టుకుని మమ్మల్ని తిట్టేది మీ అక్కేనా?" అని మిల్లు వాళ్లు అడగక మానరు. అవునని చెప్పు. ఉద్యోగం పోతుందని భయమేస్తే ఆవిడెవరో తెలీదను, నేనేమీ అనుకోను. ఇంటికొచ్చాక మాత్రం అక్కా అనే పిలువు.