మసీదు దిబ్బ మీద రాహేలమ్మ కోళ్లు

కరీం భాయ్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చదవవని తెలుసు, అయినా ఈ సంతోషం నీకు చెప్పకుండా ఉండలేను.

సముద్రం పెరిగితే మన ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపించే మ్యాపు అధికారులు విజయవాడ నుంచి తెచ్చి, ఊరి మీటింగులో పెట్టారు. అందులో నా చర్చి మునిగింది, రామాలయం మునిగింది. పొడిగా మిగిలింది మీ మసీదు దిబ్బ ఒక్కటే. నీళ్లొస్తే ఊరంతా అక్కడికే చేరాలన్నారు. నువ్వుంటే నన్ను వారం రోజులు బతకనిచ్చేవాడివి కాదు.

ఎంత తుఫానొచ్చినా గుడిసె వదలని మా రాహేలమ్మ మీటింగులోనే మొండికేసింది. "సాయిబుల మసీదులోకి నేను రానండి అయ్యగారూ."

బైబిల్లో ఆదికాండం తెరిచి, జలప్రళయంలో మనుషుల్నీ జంతువుల్నీ కాపాడిన నోవహు ఓడ గురించి గర్జించాను.

"ఓడెక్కింది వాళ్లింటోళ్లేగా అండీ" అంది.

"మరి ఓడెక్కిన కోళ్లు ఎవరి చుట్టాలమ్మా?" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. "మీ నోవహే మా నూహ్ నబీ, మావాడు కూడానండి" అని వెనక నుంచి మీ అబ్బాయి.

నీళ్లొస్తే ఎలా వెళ్లాలో తెలియడానికి ఈ ఉదయం ఊరంతా దిబ్బ దాకా నడిచి చూశాం. అందరికంటే ముందు రాహేలమ్మ, నెత్తిన కోళ్ల గంపతో. ఫాతిమా వదిన గేటు తీసి, "ముందు కోళ్లకి నీళ్లు పెట్టమ్మా" అంది.

రాహేలమ్మ గంప దించి, వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "గాలి బాగుందండీ. నిజంగా నీళ్లొస్తే ఈ మూల నాది" అంది.