పోగు లాగని వాచీ

వరంగల్,
శుక్రవారం మధ్యాహ్నం, షాపులో నుంచి

ఫోన్‌లో పలకని మా ఆయనకు,

కళావతి రాసేది. ఫోన్ చేస్తే మాట తడబడుతోందని మీ అక్క వినోద వదిన చేతికిచ్చేస్తారు. వీడియోలో చూద్దామంటే మొహం పక్కకు తిప్పుకుంటారు. ఉత్తరమైతే తప్పించుకునే దారి లేదు, చదివి తీరాలి. పక్షవాతం ఎడమవైపుకే గాని కుడిచేతికి రాలేదు కాబట్టి జవాబు కూడా రాసి తీరాలి.

మొన్న శశాంక్ హైదరాబాద్ నుంచి వచ్చి మీ వాచీ నా చేతిలో పెట్టాడు. "నాయిన నన్ను పెట్టుకోమన్నడమ్మా. ఆగిపోయిందట, బాగు చేయించుకోమన్నడు" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. మన చీరల షాపు కూడా సెల్‌ఫోన్ల వాళ్లకు కిరాయికి ఇచ్చేద్దామని మీరు అన్నట్టు మెల్లగా చెప్పాడు. మిమ్మల్ని దవాఖానకు తీసుకుపోయిన రోజు కూడా నేను ఇంత బెదరలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. షాపు మన ఇద్దరిదీ. నాతో అనాల్సిన మాట కొడుకుతో చెప్పి పంపడమేమిటండీ? షాపు పోతుందన్న బాధకంటే ఆ బాధే నాకు ఎక్కువైంది.

ఆ వాచీ కొన్న ఏడు ఎంత నవ్వులాటో గుర్తుందా? పెళ్లిళ్ల సీజన్ బాగా నడిచిందని హైదరాబాద్ పోయి అంత ఖరీదైనది కొనుక్కొచ్చారు. తీరా చూస్తే బంగారం లేదు, రాళ్లు లేవు, తారీఖు కూడా చూపించదు. తెల్లటి డయల్, సన్నటి ముళ్లు, నల్లటి తోలు పట్టీ. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు చుట్టాలందరికీ ఒకటే బాధ. "ఇంత పెట్టి కొంటివి బావా, జర మెరవనన్నా మెరవాలె గద" అన్నాడు మా భానన్న. మీరు కౌంటర్ మీద పట్టుచీర పరిచి, వాచీ ఉన్న చేతిని దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా జరిపారు. "చూడు బావా, ఒక్క పోగన్న లేచిందా? మనకు ఇట్ల జారేదే గావాలె" అన్నారు.

మన షాపు పద్ధతే అంత. గాజులు, రాళ్ల ఉంగరాలు తీసి డబ్బాలో వేశాకే ఎవరైనా కౌంటర్ దగ్గరికి రావాలి. కొత్త పెళ్లికూతురినని కూడా చూడకుండా నా ఉంగరం తీయించిన మనిషి మీరు. ఆ డబ్బాలో పడకుండా మిగిలింది మీ వాచీ ఒక్కటే.

నిజం చెప్పాలంటే మొదట్లో అది నా కంటికీ ఆనలేదు. చూడగా చూడగా, అది లేకపోతే మీ చెయ్యి పరాయివాళ్ల చెయ్యిలా కనిపించేది. షట్టర్ ఎత్తేటప్పుడూ అదే, మేడారం జాతరకు పోయినా అదే, శశాంక్ పెళ్లిలో పట్టుపంచె మీదికీ అదే. పట్టీలు అరిగితే మార్చారు. అప్పట్లో మెరిసిన వాచీలన్నీ చుట్టాల ఇళ్లలో ఏ బీరువాల్లో పడి ఉన్నాయో గాని, ఇది మాత్రం నిన్న కొన్నట్టే ఉంది.

నిన్న పొద్దున ఇంట్లో ఎక్కడైనా పోతుందేమోనని నేనే చేతికి పెట్టుకుని షాపుకు వచ్చాను. హసన్‌పర్తి నుంచి పెళ్లివాళ్లు వచ్చారు, ఒక పట్టాన తెగే బేరం కాదు. మీలాగే కొంగు విసిరి చీర వెనక చీర పరిచాను. భుజాలు లాగేశాయి. చీరలు మడతపెడుతున్న సమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఆగిందన్నరు గద, ఇది నడుస్తాంది" అంది. చెవి దగ్గర పెట్టుకుంటే నిజంగానే టిక్కుటిక్కుమంటోంది. శశాంక్ ఫోన్‌లో వెతికి, "దీనికి బ్యాటరీ ఉండదమ్మా. చెయ్యి ఆడుతుంటే లోపల దానంతటదే కీ తిరుగుతది. ఖరాబ్ కాలేదు" అన్నాడు. ఇన్నేళ్లలో మనకు తెలియకపోవడం చూడండి! షాపుకు సెలవు లేదు, మీ చేతికీ లేదు, ఇక అది ఆగిందెప్పుడు?

కాబట్టి వాచీకి ఏ రోగమూ లేదు. పాడైందనుకుని తొందరపడి కొడుక్కి ఇచ్చేశారు. మీరు వచ్చేదాకా నేను పెట్టుకుని దీన్ని ఆగనివ్వను. షాపు కిరాయికి ఇవ్వను. కోపం వస్తే వచ్చి కోప్పడండి.

మీతో పోట్లాడందే పొద్దుపోని
కళావతి


హైదరాబాద్,
ఆదివారం, అక్క ఇంటి నుంచి

పంతం పట్టి ఉత్తరం రాయించుకున్న కళావతికి,

పెద్ద సంగతి కనిపెట్టానని మురిసిపోతున్నావు. వాచీ పాడు కాలేదని నాకు ముందే తెలుసు. అమ్మినవాడు కొన్నరోజే చెప్పాడు, చెయ్యి ఆడినంతకాలం నడుస్తుందని. అది ఎన్నడూ ఆగలేదు కాబట్టి నీకు చెప్పే అవసరం రాలేదు.

ఇక్కడికి వచ్చాక ఆగింది. అక్క టైం సరిచేసి ఎడమచేతికి కడుతుంది. మర్నాడో ఆ మర్నాడో చూస్తే ముళ్లు నిలిచిపోయి ఉంటాయి. "బ్యాటరీ అయిపోయింది గావచ్చు తమ్మీ" అంటుంది అక్క. ఔనని తల ఊపేవాణ్ని. డాక్టరేమో చెయ్యి మెల్లమెల్లగా వస్తుందంటాడు. చేతికి ఉండగానే ఆగిన వాచీని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. చూడలేకే తీసి పంపించాను కళా. నీతో చెబుదామంటే, చెబుతూ ఏడ్చేస్తానని భయమేసింది. షాపు మాట కూడా అందుకే శశాంక్‌తో అన్నాను. నీకు కష్టమనిపించడంలో తప్పు లేదు.

నిన్న శశాంక్ తెచ్చిచ్చిన నీ ఉత్తరం చదివి ఎట్లాగూ ఏడ్చాను. అక్క చూసింది కూడా. ఏడ్చాక కోపం వచ్చింది. భుజాలు లాగేస్తున్నా నా వంతు చీరలు నువ్వే పరిచి, నా వాచీ నువ్వే నడిపించి, నన్ను ఇక్కడ కూర్చోబెడతావా?

ఇంకో సంగతి. కసరత్తు చేయించే అమ్మాయి రోజూ ఒక తువ్వాల ఇచ్చి, ఎడమచేత్తో బల్ల మీద పరచమంటుంది. పట్టుచీరలు పరిచిన చేతికి తువ్వాలా అని మొండికేసి కూర్చున్నాను. చేయకుండానే చేశానని అక్కకు చెప్పాను. నిన్న నీ ఉత్తరం మడిచిపెట్టి, అక్కను చీర అడిగాను. గద్వాల చీర తెచ్చి ఇచ్చింది. మంచం మీద పెట్టుకుని ఎడమచేత్తో జరిపాను. చెయ్యి బరువుగా, మాట వినని ఎద్దులా వచ్చింది. వంకరటింకరగా పరిచాను, కాని కొంగుదాకా పరిచాను.

సెల్‌ఫోన్ల వాళ్లకు లేదని చెప్పు. రేపటి నుంచి ఆ అమ్మాయి తువ్వాల ఇచ్చినా పరుస్తాను.

వాచీ నాకు పంపించు. నడుస్తున్నది మాత్రం పంపకు. నీ చేతి నుంచి తీసి బీరువాలో పెట్టు, ఆగిపోనీ. ఆగాకే శశాంక్ చేతికివ్వు. అక్క దాన్ని నా ఎడమచేతికి కడుతుంది. ఇంకెవ్వరూ దాని జోలికి రావొద్దు.

నడిచిందా అని రోజూ అడగకు. అది నా చేతి మీద ఆగకుండా నడిచిన రోజు నేనే బస్సెక్కి వస్తాను.

నీ
సారంగపాణి