హారన్ లేని స్కూటర్

బట్టల బజార్, వరంగల్

బిడ్డా తేజస్వీ,

పెద్ద ఎయిర్‌పోర్టు దగ్గర, టవర్ వాళ్లు దారి చెప్పని చోట శిక్షణ విమానం నడుపుతూ, ఎక్కడున్నానో రేడియోలో చెప్పినా ఎదురొచ్చే చిన్న విమానం నుంచి జవాబు రాలేదని, కుడికి మళ్లి తప్పించుకున్నానని నిన్న ఫోన్లో నవ్వుతూ చెప్పావు. నేనూ నవ్వాను. తర్వాత కొట్లో ఒకే గుడ్డను మూడుసార్లు కొలిచాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

మన స్కూటర్ గుర్తుందా? దాని హారన్ మోగేది కాదు. సందు మలుపు రాగానే ముందు నిలబడ్డ నువ్వు "మేం వస్తానం, జర ఆగుండ్రి!" అని అరిచేదానివి. అవతలి నుంచి "రా బిడ్డా!" అని వినబడేదాకా నేను కాలు కింద ఆనించి ఆగేవాణ్ని. నీ గొంతు వినాలనే హారన్ బాగు చేయించలేదు.

ఆ చదువు మానెయ్యమని రాద్దామనే కూర్చున్నాను. రాయను. జవాబు రాకపోతే నిన్నటిలాగే చుట్టు తిరిగి రా, ఆలస్యమైతే కానియ్యి. అక్కడ కాలు ఆనించడానికి నేల లేదన్నదే నా ఫికర్.

ఈ పొద్దున ఆ మలుపు దగ్గర నేనే అరిచాను.

"బిడ్డేది, సేటూ?" అని అవతలి నుంచి ఎవరో అడిగారు.

"మీదున్నది, విమానంల," అన్నాను.

దారి ఖాళీగానే ఉంది. అయినా కాలు ఆనించి కాసేపు అక్కడే నిలబడ్డాను.

నీ బాపు