మాడిపోయిన వంగతోట

అవ్వా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు బూడిద కలిపి దాచిన వంగ విత్తనమంతా ఈసారి నీ తోటలోనే వేశాను. మొక్కలు మోకాలెత్తు పెరిగి పూతకొచ్చాయి.

మొన్న వాటికి పురుగుమందు కొట్టాను. అంతకుముందు గట్ల మీద గడ్డిమందు కొట్టిన పంపు అది. కడగడం మరిచిపోయాను. తోటంతా మాడిపోయింది.

నాయన మడిలోనే కూలబడ్డాడు. “మా యమ్మ పానంబెట్టి కాపాడిన విత్తనం గదనే!” అన్నాడు.

నీ దగ్గర విత్తనం తీసుకున్న ప్రతి ఇంటికీ వెళ్లి, గుప్పెడైనా ఇవ్వమని బతిమాలాను. అందరిదీ ఒకటే మాట: “అడిగితే ఇయ్యనీకి మీ అవ్వ ఉండె గద బిడ్డా, మేమెందుకు దాస్తం?”

పొద్దుటి నుంచి ఒక్కో ఆకూ నీళ్లతో కడుగుతున్నాను. ముట్టుకున్న ఆకల్లా రాలిపోతోంది. నాయన లేవమంటున్నాడు. ఇంకా రెండు సాళ్లున్నాయి అవ్వా, ఎట్లా లేవను?