నలభై ఒకటో పేజీ

అక్కా,

నీకూ బావగారికీ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, ఆమె కుట్టు మిషనూ ఎప్పటిలాగే తిరుగుతోంది. షాపులో మోటార్ల మరమ్మతు తెరిపి లేకుండా ఉండి జవాబు ఆలస్యమైందని రాద్దామనుకున్నాను. అది నిజం కాదు.

నీ జ్ఞాపకాల పుస్తకం అందింది. రెండో ముద్రణకి వెళ్తోంది, తప్పులుంటే చెప్పమన్నావు. మన వంటింటి కిటికీ తూర్పున కాదు, ఉత్తరాన ఉండేది. గుడ్డిది గేదె, ఆవు కాదు. నేను ఆరేళ్లకే సైకిలు తొక్కానన్నావు. తొమ్మిదేళ్లకి, అదీ గోడకి గుద్దుకుంటేనే ఆగేది.

ఇంకా డిటెక్టివ్ నవలలేనా అని అడిగావు. అవే. మోటారు విప్పినట్టే ఉంటాయి, ఎక్కడో లోపం దొరుకుతుంది. కాకపోతే నేను చివరి పేజీ ముందు చదివేస్తాను. హంతకుడెవరో తెలిశాక నిమ్మళంగా మొదలుపెడతాను. "కంచం ఎత్తేసి వడ్డించమన్నట్టుందయ్యా నీ చదువు" అంటాడు పక్క షాపు దర్జీ. ఈ అలవాటు ఎందుకొచ్చిందో అతనికి తెలియదు. నీకూ తెలియదు.

అమ్మకి చదువు రాదు కదా, మధ్యాహ్నం పూట నీ పుస్తకం నేనే చదివి వినిపిస్తున్నాను. నలభై ఒకటో పేజీ దాటేశాను. అమ్మ మిషను ఆపింది.

"ఒరేయ్, దాని బొమ్మల పుస్తకం సంగతి రాయలేదా?"

"లేదమ్మా."

"రాయకుండా ఎలా ఉంటుంది? ఏడాదిపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు అది. వెనక్కి తిప్పు."

తిప్పి చదివాను. పడవెక్కిన ఎలుగుబంటి కథంటే నీకు ఎంత ప్రాణమో, "ఇంకోసారి పని మానేసి దీన్ని పట్టుకున్నావంటే పొయ్యిలో పెడతా" అని అమ్మ అన్నదీ, మర్నాడు నువ్వు బడి నుంచి వచ్చేసరికి పొయ్యిలో సగం కాలిన అట్ట కనిపించిందీ, అంతా.

అమ్మ సూదిలోకి దారం ఎక్కించింది.

"అనడమే గానీ పెట్టలేదనుకున్నానురా ఇన్నాళ్లూ. అచ్చులో ఉందంటే పెట్టే ఉంటాను. ముసల్దాన్ని, నాకేం గుర్తుంటుంది? తప్పయిపోయిందని అమ్మ చెప్పిందని రాయి దానికి."

"రాస్తాలే" అన్నాను. నాలుగు రోజులైంది.

అక్కా, పెట్టింది నేను.

ముందురోజు సాయంత్రం నువ్వు చదివి వినిపిస్తూ, పడవ సుడిలో పడ్డచోట "మిగతాది రేపు" అని మూసేశావు. నాకు జ్వరమని మర్నాడు బడికి పంపలేదు. రేపటిదాకా ఆగలేక చివరి బొమ్మ చూద్దామని పుస్తకం తీసి పెరట్లోకి పోయాను. కుడితి తొట్టి అంచు మీద పెట్టి తిప్పుతుంటే లోపల పడింది. తీసేసరికి ముద్దయింది. పొయ్యి దగ్గర ఆరబెట్టాను, ఆరలేదు. అమ్మ వస్తున్న అలికిడి విని లోపలికి తోసేశాను. ఆమె చూడకుండానే పైన నీళ్ల కాగు పెట్టింది.

అమ్మ బెదిరింపు ముందే ఉంది గనక నన్నెవరూ అడగలేదు. కుక్కిన పేనులా ఊరుకున్నాను. నువ్వు అమ్మని "రాక్షసివి" అన్నప్పుడు కూడా కంచంలోంచి తల ఎత్తలేదు. ఇంతా చేసి ఆ బొమ్మ చూశానా అంటే, అదీ లేదు. ఎలుగుబంటి ఒడ్డు చేరిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

చిన్నప్పటిది చిన్నతనం అనుకోవచ్చు. మొన్న చదువుతున్నప్పుడు నాకు యాభై రెండేళ్లు. అమ్మ తన మాట తనే నమ్మకుండా పోతుంటే ఎదురుగా కూర్చుని, తర్వాతి పేజీ తిప్పాను.

నలభై ఒకటో పేజీలో అమ్మ అని ఉన్నచోట తమ్ముడు అని మార్చు. కిటికీ, గేదె ఎలా ఉన్నా ఫర్వాలేదు.

రాయడం అయిందా అని అమ్మ పిలుస్తోంది. పోస్టు చేసేముందు చదివి వినిపించమంది. మిషను ఆపేసి కూర్చుంది. ఈసారి ఏదీ దాటేయను.

ఇట్లు,
నువ్వు కథలు చదివి పెట్టిన
నీ తమ్ముడు