నీలం డ్రమ్ములోంచి శాంపిల్ తీయమని మనవి

ఆహార భద్రతా అధికారి గారికి,

అయ్యా,

విషయం: ప్రత్తిపాడు దగ్గర మా పచ్చళ్ళ షెడ్డులో యాసిడ్ కలిపిన పండుమిర్చి పచ్చడి శనివారం పిల్లల హాస్టల్‌కి వెళ్ళకుండా ఆపుట గురించి.

1. సదరు షెడ్డు లైసెన్సు మా అమ్మ జయకుమారి పేరున ఉన్నది. నడిపేది మా నాన్న ఏసుబాబు. పచ్చడి తిని పిల్లలకి ఏమన్నా అయితే జైలుకి వెళ్ళేది అమ్మ.

2. అమ్మ తాటికల్లుని కుండలో పులవబెట్టి, మత్తంతా పోయి పూర్తిగా వెనిగర్ అయ్యాక వడకట్టి, కాచి పచ్చడిలో కలుపుతుంది. బూజు పట్టదు. చిన్నప్పటినుంచి మా ఇంట్లో అదే తింటున్నాము.

3. అది పులవడానికి నెలలు పడుతుంది. నాన్న ఆగలేక, లేబుల్ చింపేసిన యాసిడ్ క్యాన్ తెచ్చాడు. వెనిగర్‌లో ఉండేదీ ఆ యాసిడే, కానీ క్యాన్‌లోది ఫ్యాక్టరీలకి అమ్మే ఘాటుది, తిండికి కాదు. అమ్మ కలపనంది.

"పిల్లలు తినేదయ్యా. నా చేత్తో పొయ్యను."

"చేత్తో పొయ్యవా? ఏదీ, ఆ చెయ్యి ఇటు చాపు."

ముందు రోకలితో కుండ పగలగొట్టాడు. తర్వాత అదే రోకలితో అమ్మ వీపు మీద కొట్టాడు. చెయ్యి గుంజి దాని మీద క్యాన్ వంచాడు. చర్మం తెల్లగా అయ్యి ఊడి వచ్చేసింది సార్. అరవకుండా నోట్లో కొంగు కుక్కాడు. ఆసుపత్రిలో అడిగితే కాగే నూనె ఒలికిందన్నాడు. నర్సు నా వైపు చూస్తే నా భుజం నొక్కిపట్టాడు.

4. దానిపై నేను పేరు లేకుండా ఇచ్చిన ఫిర్యాదుకి తమ ఆఫీసువారు లైసెన్సులోని నంబరుకి ఫోన్ చేసియున్నారు. ఆ ఫోన్ నాన్న దగ్గర ఉంటుంది. "రండి సార్, మా ఇంట్లో భోంచేసి వెళ్దురుగాని" అని నవ్వుతూ పెట్టేశాడు. ఫిర్యాదు అమ్మే చేసిందనుకుని, జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు.

కావున తమరు ఫోన్ మాత్రం చేయకుండా, లోడు ఎక్కేలోపు నేరుగా విచ్చేసి చర్య తీసుకొనగలందులకు ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
(పేరు రాయలేను)

మర్చిపోయాను సార్: మీరు రాగానే నాన్న కూర్చోబెట్టి వేడన్నంలో పచ్చడి, నెయ్యి వేసి పెడతాడు. శాంపిల్‌కి కూడా అదే జాడీ చూపిస్తాడు. అది అమ్మ చేసిన పాత పచ్చడి, ఆఫీసర్ల కోసమని దాచాడు. తినండి, ఏం కాదు. టెస్టులో కూడా పాసవుతుంది. మీరు అడగాల్సింది మిర్చి బస్తాల వెనకున్న నీలం డ్రమ్ము. నాన్న యాసిడ్ కలిపిన పచ్చడి అందులోనే ఉంది.

డ్రమ్ము దొరక్కపోతే, వెళ్ళేటప్పుడు అమ్మని మీ జీపులో ఎక్కించుకుని వెళ్ళండి.