నాన్న కోసం కొన్న గ్రాఫిక్స్ కార్డు

సెప్టెంబర్ 19
కార్డు వచ్చింది. మూడు వారాలు రివ్యూలు చూసి, చూసి కొన్నది. యూట్యూబ్‌లో ఆ రివ్యూ అతను ఇరవై నిమిషాలు మాట్లాడాడు — డబ్బా విప్పడానికే ఏడు. "వెన్నలా నడుస్తుంది బ్రో" అన్నాడు. కంపెనీ వాళ్లే కార్డు ఊరికే పంపారన్న ముక్క మాత్రం చివర్లో, రెండు దగ్గుల మధ్య.

నాన్న టిప్పర్ దిగి ఎనిమిది నెలలు. దోణిమలై గని నుంచి ముప్ఫై ఏళ్లు ఖనిజం తోలిన మనిషి. నడుంలో డిస్కు జారింది, ఇక బండి తోలొద్దన్నాడు డాక్టరు. అప్పటి నుంచి వరండాలో కుర్చీ. మాట లేదు. దారిన పోయే లారీల గేర్ల చప్పుడు విని తల అడ్డంగా ఊపడం ఒక్కటే పని. అందుకే ఈ లారీ గేము, ప్లాస్టిక్ స్టీరింగు, ఈ కార్డు. ఆయన మొహంలో మళ్లీ ఒక్కసారి డ్రైవర్ని చూడాలి. అంతే.

సెప్టెంబర్ 21
ఫ్యాను పిండిమరలా మోగుతోంది. రివ్యూలో "శబ్దమే లేదు" అన్నాడే… వాడిది ఏసీ గది. మాది బండ్రి, గనుల పక్క ఊరు. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కామెంట్ పెట్టాను — అన్నా, ఒకసారి మా ఊళ్లో పెట్టి పరీక్షించు. లవ్ గుర్తు కొట్టి ఊరుకున్నాడు.

సెప్టెంబర్ 22
చల్లబడుతుందని క్యాబినెట్ పక్క అద్దం తీసేశాను. ఇదీ వాడి సలహానే.

సెప్టెంబర్ 24
నాన్నను బతిమాలి కూర్చోబెట్టాను. గేము మొదలు… లారీ చక్రాలు ఇరుసు దాకా రోడ్డులోకి దిగిపోయాయి, పక్కన ఒక గేదె గాల్లో తేలుతోంది.

"ఏందప్పా ఇది, ఎనుము గాల్లో నిలబడుండాది?"

బగ్ నాన్నా, అప్‌డేట్‌లో సరిచేస్తారు అన్నాను.

"సరిచేసినాక అమ్మాల్ల గదా. బ్రేకు లేని బండి షోరూములో ఇస్తారా?"

ఈ ఒక్క మాట ఏ రివ్యూలోనూ వినలేదు. అంతలో లోడు బండి మూడో గేరులో ఘాట్ రోడ్డు దిగేసింది, నిజం బండైతే లోయలో ఉండేది. ఆయన లేచిపోయాడు. "సుమ్నె, ఊరికే బొమ్మలాట." మళ్లీ వరండా. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్టోబర్ 1, ఆయుధపూజ
అమ్మ ఆర్డరు — ఇంట్లో మోటారు ఉన్నదంతా పూజకు రావాలి. మిక్సీ, బోరు స్టార్టరు, నా బైకు, చివరికి కంప్యూటరు. క్యాబినెట్‌కు బంతిపూల దండ. ఇన్నాళ్లకు నాన్న తనంతట తాను లేచి వచ్చాడు.

"బండి ఆఫ్‌లో పెట్టి పూజ చేస్తారేమప్పా? స్టార్ట్ చెయ్యి."

బుద్ధి ఉన్నవాడెవడైనా చేస్తాడా… చేశాను. ఆయన నోరు విప్పడమే అపురూపం, కాదనలేకపోయాను. అద్దం లేని పక్క నుంచి అమ్మ పిడికెడు కుంకుమ చల్లింది. తిరుగుతున్న ఫ్యాను మొత్తం లోపలికి లాక్కుంది. పైన కొబ్బరినీళ్లు. టప్. తెర నల్లబడింది.

"దిష్టి పోయిందిలే," అంది అమ్మ.

అక్టోబర్ 4
బళ్లారి. సర్వీసాయన కార్డు విప్పి, ఈ ఎర్రదేమిటని అడిగాడు. మైనింగ్ ధూళి అన్నాను. ఈ జిల్లావాడే కదా, నమ్ముతాడని. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మైనింగ్ ధూళి కర్పూరం వాసన వస్తాదా సార్?"

కార్డు పోయింది, వారంటీ లేదు. ఆయన సోల్డరింగ్ మెషిన్‌కూ మూడు బొట్లున్నాయి — కాకపోతే బయట.

అక్టోబర్ 5
రివ్యూ అతని కొత్త వీడియో. "ఈ కార్డు పొరపాటున కూడా కొనకండి."

అక్టోబర్ 8
కార్డు లేకుండానే, కంప్యూటర్లో ముందే ఉన్న చిన్న గ్రాఫిక్స్‌తో, సెట్టింగులన్నీ అడుగుకు తగ్గించి గేము తెరిచాను. ఎంత ఘోరంగా ఉందో ఫొటో తీసి తిట్టి పోస్టు పెడదామని. చెట్లు లేవు, ఆకాశం లేదు. లారీ ముందు పది అడుగుల రోడ్డు, ఆపైన అంతా మట్టిరంగు మసక.

నాన్న ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో. "జరుగప్పా." కూర్చున్నాడు. రెండో గేరు.

"ఎండకాలం దోణిమలై దిగేటప్పుడు ఇంతే కనపడతాండె. ఇదీ రోడ్డంటే."

గంటన్నర. అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది. మలుపు మలుపుకూ నోటితోనే హారన్. వెనక్కి తిరక్కుండా నాతో — "క్లీనరువి నువ్వే. ఎడమ పక్క చూస్తాండు." ఏడుపొచ్చింది నాకు. ఎడమ పక్క చూస్తూ కూర్చున్నాను.

అక్టోబర్ 9
రోజూ పదింటికి డ్యూటీ అట. పెట్టెలోంచి ఖాకీ చొక్కా తీయించాడు.

అక్టోబర్ 12
గేము తెరుచుకోవడం లేదు. అప్‌డేట్ వేస్తే గానీ రాదట. వివరం చదివాను: దూరం కనబడని లోపం సరిచేశాం, ఇకపై కొండంతా స్పష్టం, చిన్న గ్రాఫిక్స్‌తో ఇక నడవదు. ఆపుదామంటే దారి లేదు… అప్‌డేట్ అప్పటికే సగం దిగిపోయింది. నాన్న ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుని, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమాయెనప్పా, ఇంకా గని గేటు తీయలేదా?"

తీస్తాండారు నాన్నా, అన్నాను.